నలుగురితో సైకిలు

మా తరం వాళ్ళు నలుగురు చేరి సైకిల్ కబుర్లు మొదలుపెడితే ఒక పట్టాన తెమలవు. గంట లెక్కన అద్దె సైకిల్ తెచ్చుకోవడం, బారు సందులోంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కడం, మోకాలు చిప్ప చెక్కుకుపోవడం, ఆ దెబ్బ చూసి ఇంట్లో ఇంకో రెండు తగిలించడం. అన్నీ నిజమే, నేనూ కాదనను. ఆ కబుర్ల చివర తప్పకుండా వచ్చే రెండు మాటల దగ్గరే నాకు పేచీ. "ఆ రోజుల్లో సైకిల్ అంటే స్వేచ్ఛ" అనేది ఒకటి. "అప్పుడు అందరం సమానమే, తేడాలు తెలిసేవి కావు" అనేది రెండోది.

నేను పుట్టి పెరిగింది గుంటూరు బ్రాడీపేటలో. తొంభైల మొదట్లో హైస్కూల్ చదువు. స్వేచ్ఛ కోసం సైకిలెక్కిన పదకొండేళ్ళ పిల్లని నేనైతే చూళ్ళేదు. పక్క లైను పిల్ల తొక్కుతోంది, ఎదురింటి పిల్ల తొక్కుతోంది, మనం మాత్రం పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో దిగుతున్నాం. అదీ అసలు బాధ. సైకిల్ ఉంటే గుంపులో ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. గాలి, రెక్కలు, ఎగిరిపోవడం లాంటి మాటలన్నీ నలభై దాటాక మనం తెచ్చి అంటించినవి. అప్పుడు మాత్రం నలుగురితో నారాయణా అనుకుంటూ తొక్కాం. ఇది ఒప్పుకోకపోతే ఇప్పటి పిల్లలు సైకిల్ ఎందుకు ముట్టుకోవడం లేదో కూడా మనకి అర్థం కాదని నా వాదన.

ముందు ఆ సమానత్వం సంగతి చూద్దాం. బడిలో సైకిల్ స్టాండు వైపు ఒక్కసారి చూస్తే చాలు, ఎవరిల్లు ఎలాంటిదో తెలిసిపోయేది. అన్నయ్య వాళ్ళ బడిలో బీఎస్ఏ ఎస్ఎల్ఆర్ ఉన్నవాడిదే రాజ్యం. కొన్నాళ్ళకి లావు టైర్లు, తిన్నటి హ్యాండిల్ ఉన్న హీరో రేంజర్ దిగింది, ఎస్ఎల్ఆర్ వాడి పొగరు సగానికి తగ్గింది. అట్లాస్, హెర్క్యులిస్ నల్ల సైకిళ్ళు నాన్నలవి. పాలక్యాన్లు, బియ్యం బస్తాలు మొయ్యడానికి పనికొచ్చేవి. వాటిని తెచ్చిన పిల్లలు స్టాండులో చివర్న గోడవారగా పెట్టుకునేవాళ్ళట. అలా పెట్టమని ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా.

మా ఆడపిల్లల బడిలో లెక్క ఇంకా సూటిగా ఉండేది. ముందు బుట్ట ఉన్న లేడీబర్డ్ వాళ్ళు ఒక వరస, మామూలు లేడీస్ సైకిల్ వాళ్ళు ఇంకో వరస. ఈ రెండు వరసల్లోనూ లేనిది, సైకిలే లేని అమ్మాయి. మాలో ఒకామె ఉండేది. రోజూ ఎవరో ఒకరి కారియర్ మీద కూర్చుని వచ్చేది. ఎవరి కారియర్ అన్నది ఆ వారం ఎవరికి ఎవరితో పొత్తు కుదిరిందో దాన్ని బట్టి తేలేది. గాలి తక్కువైతే పంపు కొట్టే పని ఆమెదే. ఎవరి దగ్గర కూర్చుంటే వాళ్ళ సంచీ కూడా ఆమె భుజాన్నే ఉండేది. ఇప్పుడు మా బ్యాచ్ వాళ్ళు కలిసినప్పుడు అందరి సైకిళ్ళ రంగులూ ఏకరువు పెడతారు. ఆ అమ్మాయి ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. అందరం సమానమే అనే మాట ఆమె నోటివెంట వస్తే నమ్ముతాను.

ఇక నాది. నాకు దక్కింది అన్నయ్య వదిలేసిన హీరో జెట్. బారున్న సైకిల్. లేడీబర్డ్ కావాలని నేను గొడవ చేస్తే నాన్న అన్నమాట ఒక్కటే: "చక్రాలు రెండూ తిరుగుతున్నాయిగా, ఇంకేం కావాలి నీకు?"

లంగా వేసుకున్న పిల్ల ఆ బారు దాటించి కాలెయ్యడం ఎంత తంటానో నాన్నకి ఏం తెలుసు. సైకిల్‌ని ఒక పక్కకి బాగా వంచాలి, లంగా కుచ్చెళ్ళు ఎడమ గుప్పిట్లో పట్టాలి, కుడికాలు బారు మీదుగా అవతల పెట్టాలి, అప్పుడు సైకిల్ నిలబెట్టాలి. కాళ్ళు పూర్తిగా అందేవి కావు కాబట్టి ఎక్కడానికి ఏదో ఒక ఎత్తు కావాలి. అందుకని మా వీధిలో అరుగులన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ బారుకి చట్రంలో ఒక పనుంది. సీటు గొట్టాన్నీ హ్యాండిల్ గొట్టాన్నీ పైన కలిపి మొత్తాన్ని బిగువుగా నిలబెడుతుంది. యూరప్‌లో ఆడవాళ్ళ పొడుగాటి గౌన్ల కోసం దాన్ని కిందికి దించి లేడీస్ సైకిల్ చేశారు. అక్కడి గౌన్లకి చేసిన ఏర్పాటు ఇక్కడ మా లంగాఓణీలకి సరిగ్గా సరిపోయింది. నాకు తప్ప.

బారుకి తోడు ఇంకో సమస్య ఉంది. లేడీస్ సైకిల్ వెనక చక్రానికి రెండువైపులా ఒక వల ఉండేది, గుర్తుందా? ఓణీ చెంగు, చున్నీ పుల్లల్లో చిక్కుకోకుండా. ఎరుపూ పచ్చా నైలాన్ దారాలు మడ్‌గార్డు అంచునున్న చిన్న బెజ్జాల్లోంచి బయల్దేరి కింద ఇరుసు దగ్గరికి వచ్చి చేరేవి. జెంట్స్ సైకిల్ మడ్‌గార్డుకి ఆ బెజ్జాలు ఉండవు. మా లైను చివర సైకిల్ షాపు బాబాయ్‌ని అడిగితే ముందు నవ్వాడు. తర్వాత మడ్‌గార్డు ఊడదీసి, చెక్కదిమ్మ మీద పెట్టి, మేకూ సుత్తీ తీసుకుని అంచు పొడుగునా ఒక్కొక్క బెజ్జం కొట్టుకుంటూ వచ్చాడు. రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. లేచినచోటల్లా తుప్పు పట్టకుండా ఇంత గ్రీజు రాశాడు. ఆ గ్రీజు నా తెల్ల ఓణీకి అంటుకుని ఇంట్లో ఎంత రభస అయిందో అది వేరే కథ. పైన బారు, వెనక వల. మర్నాడు బళ్ళో మా వాళ్ళు చుట్టూ చేరి అడిగిన ప్రశ్న: "ఏమే, ఇంతకీ ఇది ఆడదా, మగదా?" ఆ ఏడాదంతా అదే దాని పేరు, "ఆడామగా సైకిల్".

ఏడిపించారు, నిజమే. కానీ ఆగారు కూడా. నేను అరుగు వెతుక్కుని, వంచి, ఎక్కి, సర్దుకునేదాకా మిగతావాళ్ళు ఒక కాలు నేల మీద ఆనించి నిలబడేవాళ్ళు. గుంపు అంటే నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది. వెక్కిరిస్తుంది, వెక్కిరిస్తూనే ఆగుతుంది.

బ్రాడీపేటలో చిరునామా అంటే రెండు అంకెలే. 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. గీతలు గీసినట్టుండే ఆ వీధుల్లో ఒక్కొక్క మూల దగ్గర ఒక్కొక్కరు వచ్చి కలిసేవాళ్ళు. కేకలుండవు, బెల్లు రెండుసార్లు కొడితే దిగి రావాలి. బడి రైలు పట్టాలకి అవతల. అంటే శంకర్ విలాస్ బ్రిడ్జి ఎక్కి ఏసీ కాలేజీ వైపు దిగాలి. పట్టాల కిందినుంచి పోయే మూడు వంతెనల దారి ఉంది గానీ, వాన పడితే అక్కడ మోకాళ్ళ లోతు నీళ్ళు, కాబట్టి బ్రిడ్జే గతి. ఆ ఎత్తు దగ్గర మా వాళ్ళకి ఒక కట్టుబాటు ఉండేది. ఎవరూ తొక్కకూడదు, అందరూ దిగి నడిపించాలి. తొక్కగలిగే సత్తా ఉన్నవాళ్ళు కూడా. మగపిల్లలు సీటు మీంచి లేచి, పెడళ్ళ మీద నిలబడి, మమ్మల్ని చూసి ఈల వేసుకుంటూ దాటిపోయేవాళ్ళు. మేం సైకిల్ నడిపించుకుంటూ, రోడ్డుకి ఎడమవైపు ఒకరి వెనక ఒకరం, లెక్కల మాస్టారి నుంచి కొత్త సినిమా దాకా అన్నీ మాట్లాడుకునేవాళ్ళం. మేం నిజంగా మాట్లాడుకున్నది ఆ ఎత్తు మీదే అనిపిస్తుంది. దిగుడులో మాటలుండవు, ఒకటే గాలి. ఆ పాత బ్రిడ్జి స్థానంలో ఇప్పుడు కొత్తది కట్టే పని పెట్టుకున్నారు. కట్టనీండి, ఇరుకై చాలా కాలమైంది. దానికోసం కన్నీళ్ళు పెట్టుకునే జాతి కాదు నేను.

మగవాళ్ళ సైకిల్ జ్ఞాపకాల్లో లేని సంగతి ఒకటుంది. మా గుంపు సరదా కోసం మాత్రమే కట్టింది కాదు. సాయంత్రం ట్యూషన్ నుంచి వస్తుంటే వెంటపడేవాళ్ళుండేవాళ్ళు. పక్కకొచ్చి చున్నీ లాగేవాళ్ళు, హ్యాండిల్‌కి హ్యాండిల్ తగిలించేవాళ్ళు. ట్యూషన్ బయట నిలబెట్టిన సైకిళ్ళలో ఏదో ఒకదాని వాల్వ్ ట్యూబ్ లాగేసి పరారీ చిత్తగించేవాళ్ళు. ఆ ఒక్కదాని కోసం అందరం సైకిళ్ళు నడిపించుకుంటూ ఇంటికి వచ్చేవాళ్ళం. ఇంట్లో చెబితే ట్యూషన్ మాన్పిస్తారని ఎవరం నోరెత్తేవాళ్ళం కాదు. ఒక్కదాన్నే ఉంటే ఆ రోడ్డు మీద నేను మూడోరోజే మానేసేదాన్ని.

అమ్మ రోజూ గుమ్మంలో నిలబడి అడిగేది: "వాళ్ళంతా వస్తున్నారా? ఒక్కదానివే అయితే వద్దు." నా వాదన మొత్తం ఈ మాటలోనే ఉంది. నేను సైకిల్ తొక్కడం నా చేతిలోగానీ, మా నాన్న జేబులోగానీ లేదు. మిగతా పిల్లల ఇళ్ళల్లో ఏమనుకుంటున్నారన్న దాని మీద ఆధారపడింది. మాలో ఒకమ్మాయి పెద్దమనిషి అయ్యాక వాళ్ళ నాయనమ్మ సైకిల్ ఆపించేసింది. ఇంకొకళ్ళు నెలకింత అని ఆటో మాట్లాడుకున్నారు. ఇంకో అమ్మాయి వాళ్ళ నాన్నకి బెజవాడ బదిలీ అయ్యింది. పదో తరగతికి వచ్చేసరికి గుంపు పల్చబడింది, అమ్మ కూడా మాట మార్చింది. నా హీరో జెట్‌కి ఏ రోగమూ లేదు. ఓవరాయిలింగ్ చేయించి ఆరునెలలు కూడా కాలేదు. బాబాయ్ బెజ్జాలు కొట్టి కట్టిన వల ఒక్క దారం తెగకుండా ఉంది. సైకిల్ బాగానే ఉంది, తొక్కడం ఆగిపోయింది.

ఇది మా వీధి ముచ్చటే అనుకుంటే పొరపాటు. సరిగ్గా మేం బ్రిడ్జి మీద సైకిళ్ళు నెడుతున్న రోజుల్లోనే, 1991-92 ప్రాంతంలో, తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం ఆడవాళ్ళకి చదువుతో పాటు సైకిల్ కూడా నేర్పింది. అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్ పూనుకుని చేయించిన పని. వ్యవసాయ కూలీలు, రాళ్ళు కొట్టేవాళ్ళు, అంగన్‌వాడీ ఉద్యోగినులు వేలమంది ఒకేసారి రోడ్డు మీదికి వచ్చారు. మొదట్లో నానా మాటలన్నారు. కానీ ఎంతమందిని అంటారు? ఆ వార్త రాసిన పాత్రికేయులు చెప్పిన ఒక ముక్క చదివినప్పుడు నాకు భలే నవ్వొచ్చింది. లేడీస్ సైకిళ్ళకి కరువొస్తే వాళ్ళు జెంట్స్ సైకిళ్ళే తీసుకున్నారట. కొందరైతే అవే మేలన్నారట, ముందు బారు మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని. నన్ను ఏడాది పాటు ఏడిపించిన బారు! అదే రోజుల్లో అదే అక్షరాస్యతా ఉద్యమం మన నెల్లూరు జిల్లాలో దూబగుంట దగ్గర సారా మీదికి మళ్ళింది. అక్కడ సైకిలెక్కింది, ఇక్కడ సారా కొట్టు మూయించింది. రెండుచోట్లా ఆడవాళ్ళు ఒక్కొక్కరుగా చేసి ఉంటే జరిగే పనులు కావవి.

ఆ తర్వాత బీహార్. 2006లో అక్కడి ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకి సైకిల్ కొనుక్కోమని రెండేసి వేల రూపాయలు ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్కలు తీస్తే, సరైన వయసులో హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగింది, మగపిల్లలకీ వాళ్ళకీ మధ్య ఉన్న అంతరం 40 శాతం తగ్గింది. వాళ్ళు ఇంకో మాట కూడా అన్నారు. సైకిల్ ఖరీదుని మించిన లాభం జరిగి ఉండవచ్చు, ఎందుకంటే అందరికీ ఒకేసారి రావడంతో పిల్లలు గుంపుగా వెళ్ళగలిగారు, రోడ్డు మీద భయం తగ్గింది, ఊళ్ళో ఆడపిల్ల సైకిలెక్కడం వింతగా కనిపించడం మానేసింది అని. మా అమ్మ గుమ్మంలో నిలబడి అడిగిన ప్రశ్నకి అక్కడ జవాబు దొరికింది. మన రాష్ట్రంలోనూ "బడికొస్తా" పేరుతో ప్రభుత్వ బడి ఆడపిల్లలకి సైకిళ్ళు ఇచ్చారు. ఒకే రంగు సైకిళ్ళు వరసగా పల్లెల్లో రోడ్డెక్కితే చూడముచ్చటగా ఉండేది. సైకిల్ గుర్తు ఏ పార్టీదో అందరికీ తెలుసు కాబట్టి దాని మీద జోకులూ పేలాయి, సరే, రాజకీయాలు ఇక్కడికి వద్దు.

2020 జూన్ 3న అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూసేసింది. చిత్రంగా అది ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఆరోజు నాకు తెలిసినవాళ్ళంతా ఫోన్లలో తెగ బాధపడిపోయారు. బాల్యం పోయిందన్నారు, ఒక యుగం ముగిసిందన్నారు. అలా అన్నవాళ్ళలో గత పదేళ్ళలో ఒక్క సైకిల్ కొన్నవాళ్ళు ఎందరో అడగాలనిపించింది. కొన్నవాళ్ళు కూడా ఉన్నారులెండి, నాలాంటివాళ్ళు. మా అబ్బాయికి గేర్ల సైకిల్ కొన్నాం. ఇప్పుడది అపార్ట్‌మెంట్ సెల్లార్లో స్తంభం పక్కన రెండు టైర్లూ నేలకి అతుక్కుపోయి ఉంది. దాని పక్కన అలాంటివే ఇంకా ఉన్నాయి. ఎవరిని అడిగినా ఒకటే సమాధానం, "ఈకాలం పిల్లలు ఫోన్ వదలరండీ".

ఫోన్ మీదికి తోసేస్తే మన పని తేలిక. కానీ వేసవి సెలవుల్లో మా ఆడపడుచు పిల్లలు వచ్చినన్నాళ్ళూ మావాడు అదే సైకిల్‌కి గాలి కొట్టుకుని పొద్దున్నే మాయమయ్యేవాడు. అప్పుడు ఫోన్ ఎక్కడుందో కూడా వాడికి తెలీదు. వాళ్ళు వెళ్ళిన మర్నాడు సైకిల్ మళ్ళీ స్తంభం పక్కకి చేరింది. ఒక్కడే ఎవడు తొక్కుతాడు? మా బిల్డింగులో వాడి ఈడు పిల్లలు చాలామందే ఉన్నారు. ఒకడి బస్సు ఆరున్నరకి, ఇంకొకడిది ఏడుకి, ఒకడి బడి అమరావతి రోడ్డులో, ఇంకొకడిది ఊరి బయట ఎక్కడో. ఒకే మెట్ల మీద దిగే పిల్లలకి కలిసి వెళ్ళే దారి ఒక్కటీ లేదు. పదో తరగతి అవగానే సగంమంది బెజవాడ చుట్టుపక్కల రెసిడెన్షియల్ కాలేజీల్లో పడతారు, అక్కడ గేటు బయటికి నడిచి వెళ్ళడమే గగనం. మాకు బడి, ట్యూషన్, గ్రంథాలయం అన్నీ ఒకే దారిలో ఉండేవి. ఆ దారి మా గొప్పతనం కాదు. అలా కలిసొచ్చింది.

రోడ్ల సంగతి కాదనలేను. బ్రాడీపేట అడ్డరోడ్లలో ఇప్పుడు రెండువైపులా కార్లు, ఆసుపత్రులకి వచ్చినవాళ్ళ ఆటోలు, మధ్యలో మిగిలిన సందులో బైకులు. ఆ జనంలోకి పన్నెండేళ్ళ పిల్లాణ్ణి సైకిల్ ఇచ్చి పంపాలంటే నాకూ టెన్షనే. గళ్ళుగళ్ళుగా ఉన్న వీధులు కాబట్టి బడివేళల్లో కొన్ని అడ్డరోడ్లలో ఒకవైపే బళ్ళు నిలపాలని కార్పొరేషన్ అనుకుంటే పెద్ద ఖర్చేం కాదు. అడిగేవాళ్ళు ఉండాలి. సైకిల్ మీద పిల్లలు కనిపించనంత కాలం ఎవరికోసమని అడుగుతాం? పిల్లలు కనిపించకపోవడానికి రోడ్లు కారణం, రోడ్లు మారకపోవడానికి పిల్లలు కనిపించకపోవడం కారణం. ఈ చిక్కుముడి ఎక్కడో ఒకచోట విప్పాలి కదా. ఎండ సంగతంటారా, గుంటూరు ఎండ మా చిన్నప్పుడేమీ మాకు మొహమాటపడలేదు.

అందుకని పోయిన నెల అపార్ట్‌మెంట్ మీటింగులో ఒక ప్రతిపాదన పెట్టాను. ఎవరి పిల్లాడికి వాళ్ళు విడిగా సైకిల్ అలవాటు చెయ్యాలని చూడొద్దు, అది అయ్యే పని కాదు. సాయంత్రం స్టేడియంలో ఆటలకి వెళ్ళే పిల్లలంతా ఎటూ ఉన్నారు, ఇప్పుడు ఒక్కొక్కరినీ ఒక్కొక్క అమ్మ స్కూటీ మీద దింపి వస్తోంది. ఆ దారి ఒక్కటీ అందరూ కలిసి, ఒకే టైముకి, సైకిళ్ళ మీద వెళ్ళనిద్దాం. మొదటి వారం రోజులు పెద్దవాళ్ళు ఒకరు వెనకే వెళ్దాం. సెల్లార్లో మూలబడ్డ సైకిళ్ళన్నిటికీ మెకానిక్‌ని పిలిపించి ఒకే రోజు ఓవరాయిలింగ్ చేయిద్దాం.

సెక్రటరీ గారు మొదట అడిగింది సైకిళ్ళు నిలిపితే ఆయన కారు తిరగడానికి చోటుంటుందా అని. ఒకావిడ హెల్మెట్లు కొంటే ఒప్పుకుంటానన్నారు, న్యాయమే, కొంటున్నాం. ఆడపిల్లల్ని కూడా పంపాలా అని ఇంకొకరు నసిగారు. వాళ్ళే ముందు అన్నాను. సైకిల్ లేని పిల్లలు ఇద్దరున్నారు, వాళ్ళకి సెల్లార్లో సొంతదారులు వదిలేసి వెళ్ళిన సైకిళ్ళు ఇప్పిద్దామంటే దానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. కారియర్ మీద కూర్చునే బాపతు ఈసారి ఉండకూడదని నా పట్టుదల.

మావాడు కూడా ఒక షరతు పెట్టాడు. మూడో అంతస్తు అబ్బాయి వస్తేనే తనూ వస్తాడట. ఆ అబ్బాయికి సరదాగానే ఉంది, వాళ్ళమ్మగారే ఊ అనడం లేదు. ఒక్కడే అయితే వద్దంటున్నారు. ఒక్కడే కాదండీ అంటే, ఎవరెవరు వస్తున్నారో పేర్లు చెప్పండి అంటున్నారు. ఆదివారం కాగితం పట్టుకుని వాళ్ళింటికి వెళ్తున్నాను.